పాత ఫొటోను బాగుచేసి, రంగులు వేసి ఊరందరితో పంచుకోవడం ఎలా?

నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. "ఇంట్లో పాత నలుపు తెలుపు ఫొటో ఉంది. పసుపెక్కింది, ఓ మూల చిరిగింది. రంగులు వేసి మా ఊరి వాళ్లకు చూపించాలి. ఏ యాప్ వాడాలి?" యాప్ పేరు చెప్పడం తేలికే. కానీ ఫొటోను యాప్‌లో పెట్టడానికి ముందూ తర్వాతా చేయాల్సిన పని చాలా ఉంది. అది చేయకుండా బొత్తాం నొక్కితే, మీ తాతగారి పోలికలున్న కొత్త మనిషెవరో తెర మీదికి వస్తారు. రేపు మనవలు ఆయన్నే తాత అనుకుంటారు. ఆ పొరపాటు జరగకుండా ఎలా చేయాలో వరసగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి. ఒక్కో ఫొటోకు మూడు ఫైళ్లు ఉండాలి: స్కాన్ చేసింది చేసినట్టే ఉన్నది ఒకటి, మరమ్మతు చేసిన నలుపు తెలుపు ఒకటి, రంగులు వేసింది ఒకటి. మొదటి ఫైలు మీద ఎప్పుడూ చెయ్యి పడకూడదు.

కావలసినవి

- ఫ్లాట్‌బెడ్ స్కానర్. లేకపోతే మంచి కెమెరా ఉన్న ఫోను, దాన్ని కదలకుండా నిలిపే స్టాండు.
- మెత్తని కుంచె, కెమెరా లెన్సుల దుమ్ము ఊదే రబ్బరు బ్లోయర్.
- ఫొటోషాప్ గానీ, ఉచితంగా దొరికే జింప్ గానీ. ఈ పనికి జింప్ సరిపోతుంది.
- మెత్తని పెన్సిల్, ఒక నోటు పుస్తకం.
- ఓపిక. గ్రూపు ఫొటో ఒకటి బాగుచేయడానికి ఒక పూట చాలకపోవచ్చు.

1. ముందు మనుషుల్ని అడగండి

ఫొటో ఎవరి దగ్గర దొరికిందో వాళ్లతో కూర్చోండి. అందులో ఎవరున్నారు, ఎక్కడ తీశారు, ఏ సందర్భం, సుమారు ఏ సంవత్సరం? ఎడమ నుంచి కుడికి, వరస వారీగా పేర్లు రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే మాటల్ని ఫోనులో రికార్డు చేయండి. ఫొటో మరో పదేళ్లు నిలుస్తుంది, చెప్పే మనిషి ఉంటారో లేదో.

రంగుల గురించీ ఇప్పుడే అడగాలి. "ఈ తలుపు నీలం రంగే కదా?" అని అడక్కండి, "ఈ తలుపు ఏ రంగు?" అని అడగండి. మనం రంగు పేరు అందిస్తే జ్ఞాపకం అటే ఒరుగుతుంది. ఇద్దర్ని విడివిడిగా అడిగి, ఇద్దరూ ఒకే మాట చెబితే దాన్ని గట్టి ఆధారంగా తీసుకోవచ్చు.

నలుగురికీ చూపించడానికి అనుమతి కూడా ఈ దశలోనే తీసుకోండి. ప్రింటు మన చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు మనది కాదు. ఫొటో మీద కాపీరైటు చాలాసార్లు తీసినవారిదో, వారి వారసులదో అవుతుంది. గడువు దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ దేశపు చట్టం చూసుకోండి.

2. దుమ్ము దులపండి, తడి తగలనివ్వకండి

బ్లోయర్‌తో ఊది, మెత్తని కుంచెతో మధ్య నుంచి అంచులకు తుడవండి. అంతే. నీళ్లు, తడిగుడ్డ, స్పిరిట్, రబ్బరు ఏవీ వద్దు. బొమ్మ ఉన్న పొర చాలా ప్రింట్లలో జెలటిన్‌తో చేసింది. తడి తగిలితే ఉబ్బుతుంది, అంటుకుంటుంది, ఊడివస్తుంది.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగకండి. అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఇరుక్కున్నదైతే పేజీ మొత్తాన్నీ స్కానర్ మీద పెట్టండి. చుట్టుకుపోయిన ప్రింటును బలవంతంగా చదును చేస్తే పొర పగులుతుంది.

రెండు హెచ్చరికలు. పాత ఫిల్ము నెగటివ్ జిగటగా, గోధుమరంగుకు తిరిగి, ఘాటైన వాసన వేస్తుంటే అది నైట్రేట్ ఫిల్ము కావచ్చు. దానికి నిప్పు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. వేడి తగలనివ్వకుండా పక్కన పెట్టి, దగ్గరలోని ఆర్కైవ్స్ వాళ్లను అడగండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ ఫిల్ము పాడవుతున్న గుర్తు. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి త్వరగా స్కాన్ చేసుకోండి. ఇక లోహపు రేకు మీదో గాజు మీదో ఉన్న బొమ్మల్ని స్కానర్ మీద బోర్లించకండి. కెమెరాతో తీయండి.

3. స్కాన్ చేయండి

నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయాలి. ఎందుకో 5వ దశలో తెలుస్తుంది.

- మామూలు సైజు ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని చెప్పే అంకె). 4×6 అంగుళాల ఫొటో అప్పుడు 2400×3600 పిక్సెళ్లు వస్తుంది.
- రెండు అంగుళాల లోపు చిన్న ఫొటోలకు 1200 డీపీఐ.
- 35 మి.మీ. నెగటివ్‌కు 3200 డీపీఐ లేదా ఆపైన.
- 48 బిట్ కలర్ (మూడు రంగుల చానెళ్లలో ఒక్కోదానికి 16 బిట్లు), టిఫ్ ఫార్మాట్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం). చానెల్‌కు 8 బిట్లయితే 256 వెలుగు స్థాయిలే ఉంటాయి, 16 బిట్లయితే 65,536. వెలిసిపోయిన ఫొటోలో వెలుగునీడల తేడాను పెంచినప్పుడు ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

స్కానర్ డబ్బా మీద రాసిన పెద్ద డీపీఐ అంకెను చూసి మోసపోకండి. "ఆప్టికల్" అని రాసినదే నిజమైన అంకె. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లోని ఆటో షార్పెన్, కలర్ రిస్టోర్, డస్ట్ రిమూవల్ అన్నీ ఆపేయండి. ముఖ్యంగా నలుపు తెలుపు నెగటివ్‌ల మీద ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే సౌకర్యం పనిచేయదు. బొమ్మలోని వెండి రేణువులనే అది దుమ్ము అనుకుంటుంది.

కొన్ని పాత ప్రింట్ల కాగితం గరుకుగా, తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది. స్కాన్‌లో ఆ గళ్ల నీడలు పడతాయి. దానికో మంచి ఉపాయం ఉంది. ఒకసారి స్కాన్ చేసి, ఫొటోను తలకిందులుగా తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. రెండోదాన్ని కంప్యూటర్‌లో నిటారుగా తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా పరిచి, అపాసిటీ (పై బొమ్మ ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే అంకె) 50 శాతం పెట్టండి. వెలుగు ఎదురెదురు దిక్కుల నుంచి పడింది కాబట్టి నీడలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఫోనుతో తీసేవాళ్లు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫొటోను పరచండి. ఫోను ఫొటోకు సమాంతరంగా ఉండాలి. మరీ దగ్గరికి వెళ్తే అంచులు వంగుతాయి, కాస్త వెనక్కి జరిగి జూమ్ 2ఎక్స్‌లో తీయండి. ఫ్లాష్ వద్దు.

ఫొటో వెనకవైపునూ స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత అక్కడే ఉంటాయి. చాలామంది వదిలేసేది ఇదే.

4. పేరు పెట్టండి, నకళ్లు దాచండి

"ఐఎంజీ 0042" అని వదిలేస్తే ఏడాది తర్వాత మీకే గుర్తుండదు. సంవత్సరం, చోటు, విషయం, వరస సంఖ్య, ఏ కూర్పు అన్నది పేరులో ఉండాలి. సంవత్సరం అంచనా అయితే "సుమారు" అని చేర్చండి. మూడు నకళ్లు, రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉంచండి.

5. మరకల్ని చానెళ్లతో తగ్గించండి

బ్రష్ పట్టుకునే ముందు ఈ చిన్న పని చేస్తే గంటల శ్రమ తప్పుతుంది. రంగుల స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానెళ్లు ఉంటాయి. ఒక్కొక్కటే తెరిచి చూడండి. పసుపు మరకలు, గోధుమరంగు చుక్కలు నీలం చానెల్‌లో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు చానెల్‌లో దాదాపు మాయమవుతాయి. నీలం సిరా మరక దీనికి తిరగబడి ఉంటుంది, నీలం చానెల్‌లో పల్చబడుతుంది. మరక ఏ చానెల్‌లో తక్కువగా కనిపిస్తే దాన్నే నలుపు తెలుపు బొమ్మకు ఆధారం చేసుకోండి.

మరకలు కాకుండా బొమ్మే వెలిసి లేత గోధుమరంగుకు తిరిగితే నీలం చానెల్ చూడండి. అక్కడ ముఖాలు, అక్షరాలు గట్టిగా తేలతాయి. పనికిరాదని పక్కన పడేసిన ఫొటోల్లో దుకాణం బోర్డు మీది అక్షరాల్ని ఇలా చదవగలిగిన సందర్భాలున్నాయి.

తర్వాత లెవెల్స్ (వెలుగునీడలు సరిచేసే పెట్టె) తెరిచి, అందులో కనిపించే హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంత ఉందో చూపే పటం) రెండు కొసల దగ్గరికి స్లైడర్లు జరపండి. కొసల్ని దాటి లోపలికి వెళ్లకండి. తెల్ల చొక్కా మడతలు కనిపించకుండా పోతే ఎక్కువ జరిపినట్టే.

6. గీతలు, చిరుగులు

పనంతా కొత్త లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శకమైన పొర) మీదే చేయండి. హీలింగ్ (చుట్టుపక్కలతో కలిపేసేది), క్లోన్ (పక్క భాగాన్ని ఉన్నదున్నట్టు నకలు వేసేది) అనే రెండు టూల్స్‌లోనూ "అన్ని లేయర్ల నుంచి నమూనా తీసుకో" అన్న అర్థం వచ్చే ఐచ్ఛికాన్ని ఆన్ చేస్తే ఖాళీ లేయర్ మీద కూడా పని జరుగుతుంది. నచ్చకపోతే తుడిచేయవచ్చు.

ఆకాశం, గోడ, నేల వంటి చదును చోట్ల హీలింగ్ బాగా పనిచేస్తుంది. చొక్కా అంచు, ముఖం రేఖ, కిటికీ చువ్వ వంటి అంచుల దగ్గర అది మసక చేస్తుంది, అక్కడ క్లోన్ వాడండి. బ్రష్ గీతకన్నా కొంచెమే పెద్దదిగా ఉండాలి. ఒకే చోటి నుంచి పదే పదే నమూనా తీస్తే గోడ మీద ఒకే మచ్చ నాలుగుసార్లు కనిపిస్తుంది. చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదికే పోతుంది.

పొడవాటి గీతను ఒక్క ఊపులో లాగకండి. చిన్న చిన్న ముక్కలుగా చేయండి. ఫొటోలోని గరుకుదనాన్ని మొత్తం నున్నగా చేయకండి. ఆ రేణువులు పోతే ఫొటో మైనపు బొమ్మలా తయారవుతుంది.

ఒక మూల పూర్తిగా చిరిగి పోయిందనుకోండి. అక్కడ ఏముందో తెలియదు. నా సలహా, దాన్ని ఖాళీగా వదిలేయండి లేదా ఫొటోను అక్కడిదాకా కత్తిరించండి. అక్కడ లేని చెట్టునో గోడనో కల్పించి పెడితే, రేపు ఎవరో ఆ ఫొటో చూసి "ఈ గోడ అప్పటికే ఉంది" అంటారు.

7. ముఖాల దగ్గర ఆగండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మసకబారిన ముఖాన్ని స్పష్టంగా చేస్తామనే కృత్రిమ మేధ ఉపకరణాలు చాలా వచ్చాయి. 2021లో వచ్చిన జీఎఫ్‌పీ గ్యాన్ వాటిలో పేరున్నది. అది ముఖం ఎలా ఉంటుందో నేర్చుకున్నది ఇంటర్నెట్ నుంచి సేకరించిన 70,000 ముఖాల ఫొటోల నుంచి. మీ ఫొటోలో కనురెప్ప కనిపించకపోతే, అది ఆ 70,000 మందిని బట్టి ఒక కనురెప్పను గీస్తుంది. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ కన్ను మీ వాళ్లది కాదు.

అందుకని ఇలా చేయండి. గ్రూపు ఫొటోలో ముఖం వెడల్పు 50 పిక్సెళ్ల లోపు ఉంటే ఈ ఉపకరణం అసలు వాడకండి. మసకగానే ఉంచండి. పెద్ద ముఖాలకు వాడాలనిపిస్తే, ఫలితాన్ని వేరే లేయర్‌లో పెట్టి అపాసిటీ 30 శాతం దాటనివ్వకండి. తర్వాత ఆ మనిషిని ఎరిగినవారికి, పేరు చెప్పకుండా చూపించండి. గుర్తుపట్టడానికి తటపటాయిస్తే ఆ లేయర్ తీసేయండి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక స్త్రీ ముఖం మీద చుక్కను దుమ్ము అనుకొని చెరిపేశాను. ఫొటో అందుకున్న ఆమె కూతురు చాలాసేపు చూసి, "అమ్మకు ఇక్కడ పుట్టుమచ్చ ఉండేది" అంది. ఆ ఒక్క చుక్కే ఆమెకు అమ్మ గుర్తు. అప్పటినుంచి ముఖం మీది ఏ చుక్కనైనా అదే మనిషి మరో ఫొటోతో పోల్చి చూడకుండా చెరపను. మీరూ చెరపకండి.

8. రంగులకు ఆధారాలు వెతకండి

పాత ఫొటోలో నల్లగా ఉన్నదల్లా నలుపు కాదు. తొలినాటి ప్లేట్లు (ఫిల్ము స్థానంలో వాడిన గాజు పలకలు) నీలం వెలుగునే పట్టుకునేవి. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ రంగు పదార్థాలు కలిపి ఆకుపచ్చ వైపు కూడా స్పందించేలా చేసే మార్గం కనిపెట్టాడు. దాని ఆధారంగా వచ్చినవి ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు, ఫిల్ములు. వాటికీ ఎరుపు కనిపించదు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికి వచ్చినా, పాత రకాలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వాడుకలో ఉన్నాయి.

దీనివల్ల ఏమవుతుంది? ఎర్రని గుడ్డ నల్లగా వస్తుంది. పెదాలు, ఎర్రబారిన చర్మం ముదురుగా వస్తాయి. లేత నీలం గుడ్డ తెల్లగా, నీలాకాశం ఉత్త తెల్లగా వస్తుంది. పసుపు కూడా ఉన్నదానికన్నా ముదురుగా పడుతుంది. ఆటోమేటిక్‌గా రంగులు వేసే ఉపకరణాలు నేర్చుకున్నది కొత్త కలర్ ఫొటోల్ని నలుపు తెలుపులోకి మార్చి. ఈ పాత ఫిల్ముల తీరు వాటికి తెలియదు. మీ ఫొటో 1930కి ముందుదైతే ఈ విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? ఆ బట్టో, ఆ తలుపో, ఆ కుర్చీయో ఇంకా ఉందేమో చూడండి. పాత భవనం గోడ పెచ్చు ఊడిన చోట లోపలి రంగు పొర కనిపిస్తుంది. యూనిఫారాలకు, జెండాలకు, వాహనాలకు రాతపూర్వక వివరాలుంటాయి. 1907లో ఆటోక్రోమ్ అనే కలర్ ప్లేట్లు, 1935లో కోడాక్రోమ్ అనే కలర్ ఫిల్ము వచ్చాయి కాబట్టి ఆ కాలపు అసలైన కలర్ ఫొటోలు మ్యూజియంల సేకరణల్లో కనిపిస్తాయి, వాటిని పోలికకు వాడండి. నోటు పుస్తకంలో రెండు గడులు గీయండి: "తెలిసిన రంగు, ఎలా తెలిసింది" ఒకటి, "ఊహించిన రంగు" మరొకటి.

9. రంగులు వేయండి

రెండు దారులున్నాయి.

మొదటిది ఆటోమేటిక్. 2018లో వచ్చిన డీఓల్డిఫై వంటి ఉచిత ఉపకరణంతో మొదటి చిత్తు తీసుకోండి. దాన్ని చిత్తుగానే చూడండి. ఎటూ తేల్చుకోలేనప్పుడు ఇవి మట్టిరంగు, గోధుమరంగు వైపు మొగ్గుతాయి. చేతివేళ్లను, చెవుల్ని రంగు వేయకుండా బూడిదగా వదిలేస్తాయి. ఫలితాన్ని మీ నలుపు తెలుపు ఫైలు మీద ఒక లేయర్‌గా పెట్టి, బ్లెండ్ మోడ్‌ను కలర్ అని మార్చండి. జింప్‌లో "ఎల్‌సీహెచ్ కలర్" ఎంచుకోండి. అప్పుడు ఉపకరణం నుంచి రంగు మాత్రమే వస్తుంది. వెలుగునీడలు, ముఖ కవళికలు మీ ఫొటోవే ఉంటాయి. ఈ ఒక్క అడుగు వదిలేయకండి.

రెండోది చేత్తో వేయడం. చర్మం, జుట్టు, ఒక్కో గుడ్డ, గోడ, ఆకులు ఇలా ఒక్కోదానికి ఒక్కో లేయర్, అదే కలర్ మోడ్‌లో. నేను ఎక్కువగా రెండూ కలిపి చేస్తాను: చిత్తు ఆటోమేటిక్‌గా, తెలిసిన రంగులన్నీ చేత్తో.

చర్మానికి ఒకే రంగు పూస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. చెవులు, ముక్కు కొన, బుగ్గలు, వేళ్ల కణుపులు కాస్త ఎరుపు వైపు, నుదురు కాస్త పసుపు వైపు ఉంటాయి. అందరికీ ఒకే చర్మఛాయ వేయకండి, ఉపకరణాలు అందరినీ ఒకే ఛాయకు తెచ్చేస్తాయి. తెల్ల గుడ్డ పూర్తిగా తెల్లగా ఉండదు, ఆరుబయట నీడలో దానికి లేత నీలం అంటుతుంది. కంటి తెలుపు, పళ్లు ఉత్త తెలుపు కావు. ఆకులన్నిటికీ ఒకే పచ్చ వేయకండి. చివర్లో మొత్తం రంగుల గాఢతను నాలుగో వంతు తగ్గించి చూడండి, చాలాసార్లు అదే బాగుంటుంది.

కలర్ మోడ్‌లో ముదురు చోట మెరిసే పసుపు రాదు. రావడం లేదని వెలుగును పెంచకండి. ముందు మీ ఊహ తప్పేమో, లేదా అది 8వ దశలో చెప్పిన పాత ఫిల్మేమో ఆలోచించండి.

10. సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

- ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి. ఎక్కువైన రంగు మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది.
- బొమ్మను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి చూడండి. అలవాటైన కన్ను వదిలేసిన తప్పులు బయటపడతాయి.
- మరమ్మతు చేసినదాన్ని 5వ దశ ముగిసినప్పటి బొమ్మ (6వ దశలో అడుగున ఉన్న లేయర్) మీద పరిచి డిఫరెన్స్ మోడ్ (రెండు బొమ్మల తేడాను చూపేది) పెట్టండి. మారని చోట దాదాపు నలుపు, మారిన చోట వెలుగు. ఆ వెలుగు, మీరు గీతలు చెరిపిన చోట్లనే ఉండాలి. కళ్లు, నోరు వెలుగుతుంటే ముఖం మారిందని అర్థం.
- ఫొటో కుడిఎడమలు మారిందేమో చూడండి. నెగటివ్‌ను తిరగేసి స్కాన్ చేస్తే ఇలా అవుతుంది. బోర్డు మీది అక్షరాలు, చొక్కా గుండీలు, జేబు దీన్ని పట్టిస్తాయి.
- చివరిగా, ఫొటో ఇచ్చినవారికి చూపించండి. వాళ్లు "బాగుంది" అంటే చాలదు. "ఇందులో ఏది తేడాగా ఉంది?" అని అడగండి.

కవళికలు మార్చడం ఎంత పెద్ద తప్పో 2021లో అందరూ చూశారు. కంబోడియాలో 1970లలో వేలమంది ఖైదీల్ని చంపిన తువోల్ స్లెంగ్ జైలు ఖైదీల ఫొటోలకు రంగులు వేస్తూ కొందరి ముఖాలకు చిరునవ్వు చేర్చారు. కుటుంబాలు బాధపడ్డాయి, ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ప్రచురించిన సంస్థ వాటిని తొలగించింది.

11. పంచుకోండి

పొడుగు వైపు 2000 పిక్సెళ్ల జేపెగ్ చాలు. అసలు స్కాన్, రంగుల కూర్పు రెండూ పక్కపక్కన పెట్టండి. ఫైలు లోపలి వివరాల్లో రాసినవి చాలా వేదికల్లో చెరిగిపోతాయి, బొమ్మ కింద తెల్ల పట్టీ చేర్చి దానిమీదే రాయండి. ఫొటో మధ్యలో మీ పేరు ముద్ర వేయకండి.

పట్టీలో ఇలా రాయవచ్చు: "సుమారు 1952. పాఠశాల ప్రారంభం రోజు. ఫొటో ఇచ్చిన కుటుంబం అనుమతితో. గీతలు, మరకలు తీసేశాం. తలుపు, జెండా రంగులు తెలిసినవి, బట్టల రంగులు ఊహించినవి." ఈ చివరి వాక్యం లేకుండా రంగుల ఫొటోను బయటికి పంపకండి. చేయి మారుతూ పోయే కొద్దీ అది అసలైన కలర్ ఫొటోగా చలామణి అవుతుంది.

పెట్టిన రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు "మూడో మనిషి మా పెదనాన్న", "ఆ బండి ఎర్రది కాదు, ఆకుపచ్చ" అని చెబుతారు. అలా వచ్చిన ప్రతి మాటనూ, చెప్పినవారెవరో, తేదీ ఏమిటో నోటు పుస్తకంలో ఎక్కించండి. ఇద్దరు వేర్వేరు మాటలు చెబితే రెండూ రాయండి. ఆ బండికి పచ్చరంగు వేసి, పట్టీలో "రెండో కూర్పు" అని చేర్చి మళ్లీ పెట్టండి. మొదటి కూర్పును చెరపకుండా మీ దగ్గర దాచండి.